తెరిచిన ట్యాగు మూయాల్సిందే: ఎక్స్‌ఎంఎల్‌పై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఎక్స్‌ఎంఎల్ గురించే. సమాచారానికి ట్యాగులు, అంటే కోణపు బ్రాకెట్లలో రాసే పేర్లు, తగిలించి ఫైలుగా దాచే పద్ధతి ఇది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు పనికొచ్చే ప్రశ్నలు ఏరి జవాబులు ఇస్తున్నాం. ఎక్స్‌ఎంఎల్‌లో ట్యాగుల పేర్లు తెలుగులో పెట్టుకోవడానికి మొదటి నుంచీ అనుమతి ఉంది. కాబట్టి ఉదాహరణలన్నీ తెలుగులోనే ఇచ్చాం, ఉన్నవి ఉన్నట్టు టైపు చేసి చూడొచ్చు.

ప్రశ్న: హెచ్‌టీఎంఎల్ కొంత వచ్చు. ఎక్స్‌ఎంఎల్‌లో నాలుగు ట్యాగులు రాసి క్రోమ్‌లో తెరిస్తే, రాసింది రాసినట్టే కనిపించింది. పైన ఇంగ్లిష్‌లో స్టైల్ సమాచారం లేదని ఏదో మెసేజ్ వచ్చింది. నా తప్పెక్కడ?
– బీఎస్సీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: తప్పేమీ లేదు. ఆ మెసేజ్ ఎర్రర్ కాదు. ఈ ఫైలును ఎలా అలంకరించి చూపించాలో చెప్పలేదు కాబట్టి చెట్టు రూపంలో చూపిస్తున్నానని బ్రౌజర్ అంటోంది, అంతే. కొమ్మలు తెరిచి మూసే చిన్న బాణం గుర్తులు పక్కన కనిపిస్తే మీ ఫైలు సరిగ్గా ఉన్నట్టే.

వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌లో ట్యాగులు ముందే ఖరారై ఉంటాయి, ఏ ట్యాగు చూస్తే ఏం చేయాలో బ్రౌజర్‌కు తెలుసు. ఎక్స్‌ఎంఎల్‌లో పేర్లు మీరే పెడతారు. వాటి అర్థం మీకూ, ఆ ఫైలును చదివే ప్రోగ్రాముకూ తప్ప మరెవరికీ తెలియదు. అది దేన్నీ లెక్కకట్టదు, తెరపై గీయదు. ఏ సమాచారం ఏమిటో పేరు పెట్టి, దేని లోపల ఏది ఉందో చెబుతుంది, అక్కడితో దాని పని అయిపోయింది.

1986లో ఐఎస్‌ఓ ప్రమాణంగా వచ్చిన పాత ట్యాగుల భాష ఎస్‌జీఎంఎల్ చాలా పెద్దది, దాన్ని చదివే ప్రోగ్రాము రాయడమే గగనం. వెబ్‌కు సరిపడేలా దాన్ని కుదించి, జాన్ బోసాక్ నాయకత్వంలోని బృందం ఎక్స్‌ఎంఎల్ 1.0ను తయారుచేసింది. 1998 ఫిబ్రవరి 10న వెబ్ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ డబ్ల్యూ3సీ దాన్ని ఆమోదించింది. హెచ్‌టీఎంఎల్ తప్పుగా రాసినా బ్రౌజర్ సర్దుకుపోతుంది. ఎక్స్‌ఎంఎల్‌లో ఆ సర్దుబాటు వద్దని అప్పుడే నిర్ణయించారు. తప్పు కనిపించిన చోట పార్సర్, అంటే ఫైలును చదివి ట్యాగులను విడదీసే ప్రోగ్రాము, ఆగిపోవాలి, ఊహించి ముందుకు పోకూడదు. కొత్తవాళ్లకు విసుగు తెప్పించేది ఇదే. కానీ రెండు వేర్వేరు కంపెనీల సాఫ్ట్‌వేర్లు ఒకే ఫైలును ఒకేలా చదవగలగడానికి కారణం కూడా ఇదే.

నేర్చుకోవడానికి నోట్‌ప్యాడ్, బ్రౌజర్ చాలు. సేవ్ చేసేటప్పుడు రెండు సంగతులు చూడండి. ఒకటి, 'సేవ్ యాజ్ టైప్' దగ్గర 'ఆల్ ఫైల్స్' ఎంచుకోండి. లేదంటే మీరిచ్చిన ఎక్స్‌టెన్షన్ వెనకాల టీఎక్స్‌టీ కూడా అతుక్కుంటుంది, విండోస్ దాన్ని దాచేస్తుంది కాబట్టి మీకు కనిపించదు. రెండు, ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) యూటీఎఫ్-8 ఉండాలి. విండోస్ 10లో 1903 వెర్షన్ నుంచి నోట్‌ప్యాడ్ దాన్నే ముందుగా ఎంచుకుంటోంది. అంతకంటే పాత సిస్టమ్‌లో 'ఆన్సీ' ఉంటుంది, చూసుకోకుండా సేవ్ చేస్తే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. అలా మారినవి మళ్లీ వెనక్కి రావు.

ప్రశ్న: ఎర్రర్ ఒక లైనులో ఉందని చూపిస్తోంది, అక్కడ చూస్తే అంతా సరిగ్గానే ఉంది. గంటలు గంటలు వెతుకుతున్నాను. ఎర్రర్ మెసేజ్‌ను నమ్మాలా వద్దా?
– ఖమ్మం పాఠకురాలు

జవాబు: నమ్మాలి. కాకపోతే అది చెప్పేది తప్పు బయటపడిన చోటు, జరిగిన చోటు కాదు. ఇది చూడండి.

<సరుకులు>
  <సరుకు కోడ్="101">
    <పేరు>కందిపప్పు</పేరు>
    <బరువు ప్రమాణం="కిలో">25</బరువు>
  <సరుకు కోడ్="102">
    <పేరు>మినప్పప్పు</పేరు>
    <బరువు ప్రమాణం="కిలో">10</బరువు>
  </సరుకు>
</సరుకులు>

మొదటి సరుకును మూయడం మరిచిపోయారు. తప్పు 4వ లైను తర్వాత ఉంది. కానీ 5వ లైను చూసి పార్సర్‌కు అనుమానం రాదు, ఎందుకంటే ఒక సరుకు లోపల ఇంకో సరుకు ఉండటం నిబంధనలకు విరుద్ధం కాదు. 8వ లైనులో మూసింది రెండో సరుకును. 9వ లైనులో <సరుకులు> మూయబోయేసరికి లోపల మొదటి సరుకు ఇంకా తెరిచే ఉంది. ఎర్రర్ అక్కడ వస్తుంది. ఫైర్‌ఫాక్స్ అయితే ఏ మూత కోసం ఎదురుచూస్తోందో కూడా చెబుతుంది, ఇక్కడ </సరుకు> అంటుంది. లైను నంబరు కంటే ఆ పేరే మీకు ఎక్కువ ఉపయోగం. ఆ పేరున్న ట్యాగుల్లో మూయనిది ఏదో పై నుంచి చూసుకుంటూ రండి.

ఇక మిగతా నియమాలు. తెరిచిన ట్యాగు నుంచి దాని మూత వరకు ఉన్నదంతా కలిపి ఒక ఎలిమెంట్. ఫైలు మొత్తానికి, మిగతావన్నీ తన లోపలే ఉండే రూట్ ఎలిమెంట్ ఒకే ఒక్కటి ఉండాలి. రెండోది మొదలైతే 'డాక్యుమెంట్ చివర అదనపు కంటెంట్' అనే ధోరణిలో ఎర్రర్ వస్తుంది. లోపల తెరిచింది లోపలే మూయాలి. అట్రిబ్యూట్ (పై ఉదాహరణలో 'కోడ్', 'ప్రమాణం' లాగా తెరిచే ట్యాగు లోపల రాసేది) విలువ అంకె అయినా సరే కొటేషన్లలో ఉండాలి, ఒకే ట్యాగులో ఒకే అట్రిబ్యూట్ రెండుసార్లు రాకూడదు. ట్యాగు పేరులో ఖాళీ పనికిరాదు. <ఇంటి పేరు> అని రాస్తే 'ఇంటి' ట్యాగు పేరనీ, 'పేరు' విలువ లేని అట్రిబ్యూట్ అనీ పార్సర్ అనుకుంటుంది. <ఇంటిపేరు> అనో <ఇంటి_పేరు> అనో రాయండి. పేరు అంకెతో గానీ చుక్కతో గానీ హైఫన్‌తో గానీ మొదలు కాకూడదు. కోలన్ జోలికి పోవద్దు, దానికి వేరే పనుంది. ఇంగ్లిష్ పేర్లు పెడితే పెద్ద అక్షరాలకూ చిన్న అక్షరాలకూ తేడా ఉంటుందని గుర్తుంచుకోండి. తెలుగులో ఆ బాధ లేదు.

వర్డ్‌లోనో వాట్సాప్‌లోనో వచ్చిన కోడ్‌ను కాపీ చేసేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. అక్కడ కొటేషన్లు వంపు తిరిగి “ ” ఇలా మారిపోతాయి. ఎక్స్‌ఎంఎల్‌కు నిటారుగా ఉండే " లేదా ' మాత్రమే కొటేషన్. చిన్న ఫాంటులో ఈ తేడా కంటికి ఆనదు.

ఫైలు మొదటి లైనులో వెర్షన్, ఎన్‌కోడింగ్ చెప్పే డిక్లరేషన్ పెడతారు కదా, దానికి ముందు ఖాళీ లైను గానీ ఒక్క స్పేస్ గానీ ఉన్నా ఎర్రరే. జావా ప్రోగ్రాములో 'కంటెంట్ ఈజ్ నాట్ అలవ్డ్ ఇన్ ప్రోలాగ్' అని వస్తే, అక్కడ స్పేస్ కాని అక్షరమేదో, ఒక్కోసారి కంటికి కనిపించనిది, చేరిందన్నమాట.

ప్రశ్న: మా ఎరువుల దుకాణం బిల్లులను ఎక్స్‌ఎంఎల్‌గా తయారుచేసి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తున్నాం. అన్ని పార్టీలూ వెళ్తున్నాయి, 'రావు & సన్స్' దగ్గర మాత్రం ఆగిపోతోంది. పేరు మార్చమంటే వాళ్లు ఒప్పుకోరు.
– కంప్యూటర్ ఆపరేటర్, నరసరావుపేట

జవాబు: పేరు మార్చక్కర్లేదు. ఎక్స్‌ఎంఎల్ పాఠంలో & కనిపిస్తే పార్సర్ దాన్ని ఒక సంకేతానికి మొదలుగా తీసుకుంటుంది. దాని తర్వాత పేరో నంబరో రావాలి, మీ ఫైలులో స్పేస్ వచ్చింది కాబట్టి ఆగిపోయింది. ఇలా రాయండి:

<పార్టీ>రావు &#38; సన్స్</పార్టీ>

38 అంటే ఆ గుర్తుకు యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే పట్టికలో, ఉన్న నంబరు. చివర సెమికోలన్ మరవొద్దు. అలాగే < గుర్తుకు &#60; రాయాలి. 'తేమ < 12%' అని ఉన్నదున్నట్టు రాస్తే, < చూడగానే కొత్త ట్యాగు మొదలైందనుకుంటుంది. % వల్ల ఏ ఇబ్బందీ లేదు. > కూడా మామూలుగా రాసుకోవచ్చు. అట్రిబ్యూట్ విలువలోనే డబుల్ కొటేషన్ రావలసి ఉంటే, ఉదాహరణకు 2 అంగుళాల పైపును 2" అని రాయాలంటే, బయట సింగిల్ కొటేషన్ పెట్టండి లేదా లోపల &#34; వాడండి.

ఈ గుర్తులకు అక్షరాలతో రాసే పొట్టి పేర్లు కూడా ఉన్నాయి. కానీ ఎక్స్‌ఎంఎల్‌కు పుట్టుకతో తెలిసినవి ఐదే: లెస్‌దాన్, గ్రేటర్‌దాన్, యాంపర్‌శాండ్, రెండు రకాల కొటేషన్లు. హెచ్‌టీఎంఎల్ అలవాటుతో ఎన్‌బీఎస్‌పీ (లైను విరగని ఖాళీ) లాంటివి రాస్తే తెలియదంటుంది. దాని బదులు &#160; రాయాలి.

మీలాంటి పనిలో ఎక్కువగా జరిగే పొరపాటు వేరే ఉంది. ఫైలు మొత్తం మీద & అన్నచోటల్లా &#38; అని 'రీప్లేస్ ఆల్' కొడతారు. మర్నాడు ఇంకో పార్టీ కలిసిందని మళ్లీ కొడతారు. రెండోసారి, నిన్న పెట్టిన &#38; కాస్తా &#38;#38; అవుతుంది. ఎర్రర్ రాదు, ఇంపోర్ట్ అయిపోతుంది, లెడ్జర్‌లో మాత్రం పార్టీ పేరు 'రావు &#38; సన్స్' అని పడుతుంది. అప్పుడు పాత లెడ్జర్ ఒకటి, కొత్త లెడ్జర్ ఒకటి. అందుకే ముక్కలు ముక్కలుగా అతికించి ఫైలు తయారుచేయకుండా ప్రోగ్రామింగ్ భాషలో ఉండే ఎక్స్‌ఎంఎల్ లైబ్రరీతో రాయించండి. దానికి మామూలు పేరు ఇస్తే చాలు, మార్చాల్సింది అదే మారుస్తుంది. లైబ్రరీ వాడుతూ మీరు కూడా ముందే మార్చి ఇస్తే మళ్లీ ఇదే గొడవ.

కొన్ని అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లు బయటికి ఇచ్చే ఫైళ్లలో &#4; లాంటివి కనిపిస్తాయి. 32 కంటే తక్కువ నంబర్లలో ట్యాబ్ 9, లైన్‌ఫీడ్ 10, క్యారేజ్ రిటర్న్ 13, ఈ మూడే ఎక్స్‌ఎంఎల్ 1.0లో చెల్లుతాయి. మిగతావి నంబరు రూపంలో రాసినా చెల్లవు. చదివే ముందే వాటిని తీసేయాలి, వేరే దారి లేదు.

ప్రశ్న: మా దగ్గర ఇరవై ఏళ్ల మేటర్ అను ఫాంట్లలో, పేజ్‌మేకర్ ఫైళ్లలో ఉంది. దాన్ని ఎక్స్‌ఎంఎల్ చేయాలంటే ముందు ట్యాగులు వేయాలా, ముందు యూనికోడ్‌లోకి మార్చాలా?
– డీటీపీ సెంటర్, విజయవాడ

జవాబు: ముందు యూనికోడ్. ఆ ఫాంట్లలో కంప్యూటర్ దాచుకున్నవి ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల కోడ్‌లు. ఫాంటు వాటి మీద తెలుగు ఆకారాలు తొడిగి చూపిస్తుంది. అలాంటి పాఠంలో < కోడ్ ఉన్నచోట మీ కంటికి ఒక తెలుగు ముక్క కనిపిస్తుండవచ్చు. ముందే ట్యాగులు వేశారనుకోండి, కన్వర్టర్ మీ ట్యాగుల గుర్తులను కూడా తెలుగు ముక్కలనుకుని మార్చేస్తుంది. కాబట్టి మేటర్‌ను మామూలు టెక్స్ట్‌గా తీసి, కన్వర్టర్‌లో వేసి, ప్రూఫ్ చూసి, ఆ తర్వాత &, < గుర్తులను మార్చి, చివర్లో ట్యాగులు వేయండి. ప్రూఫ్‌లో ఒత్తులూ అంకెలూ రెండుసార్లు చూడండి. పేజ్‌మేకర్ నుంచి వచ్చిన టెక్స్ట్‌లో పై జవాబులో చెప్పిన కంటికి కనిపించని కంట్రోల్ అక్షరాలు కూడా ఉండే వీలుంది.

ప్రశ్న: ఇక్కడి తెలుగు బడి పిల్లల కోసం పదాల పట్టికను తెలుగు ట్యాగులతో చేస్తున్నాను. తెరిచిన ట్యాగు <కోడ్‌>, మూసిన ట్యాగు </కోడ్>. రెండూ ఒకటే కదా! సరిపోలలేదని ఎర్రర్ వస్తోంది.
– డాలస్ పాఠకురాలు

జవాబు: కంటికి ఒకటే, కంప్యూటర్‌కు కాదు. మీరు పంపిన రెండింటినీ విడదీసి చూశాం. మూసిన ట్యాగులో నాలుగు కోడ్‌పాయింట్లు (యూనికోడ్ నంబర్లు) ఉన్నాయి: క, ఓత్వం, డ, పొల్లు. తెరిచిన దాంట్లో ఐదు ఉన్నాయి. ఐదోది జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్ సంఖ్య 200సీ. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి మూడు బైట్లు, దీనికీ మూడే. అంటే ఒక పేరు 12 బైట్లు, ఇంకోటి 15. పార్సర్ పోల్చేది వాటినే గానీ అక్షరాల ఆకారాన్ని కాదు.

'కోడ్‌లో' అని రాసేటప్పుడు డకు లవత్తు పడకుండా కీబోర్డు ఈ దాగిన అక్షరాన్ని పెడుతుంది. అది అక్కడ అవసరమే. అందులోంచి 'కోడ్‌' వరకు కాపీ చేసి ట్యాగులో వేస్తే తోకగా వెంట వస్తుంది. ఉందో లేదో తెలుసుకోవాలంటే పేరు చివర కర్సర్ పెట్టి ఒక్కసారి బ్యాక్‌స్పేస్ కొట్టండి. పొల్లు పోయి 'కోడ' మిగిలితే పేరు శుభ్రంగా ఉంది. ఏమీ మారకపోతే పోయింది ఆ దాగిన అక్షరమే.

అసలు ఈ అక్షరం పేర్లలో చెల్లుతుందా అంటే, ఎక్స్‌ఎంఎల్ 1.0 ఐదో కూర్పు (2008 నవంబర్) నుంచి చెల్లుతుంది, అంతకు ముందు కూర్పుల్లో చెల్లదు. పాత నిబంధనలనే పాటించే పార్సర్లు ఇంకా వాడుకలో ఉన్నాయి. కాబట్టి మీ కంప్యూటర్‌లో తెరుచుకున్న ఫైలు పక్కవాళ్ల దగ్గర తెరుచుకోకపోవచ్చు. ౘ, ౙ అక్షరాలదీ ఇదే కథ. పాత కూర్పుల్లో పేర్లకు అనుమతించిన అక్షరాల జాబితా యూనికోడ్ 2.0 నాటిది, ఈ రెండూ యూనికోడ్‌లోకి ఆ తర్వాతే వచ్చాయి. ట్యాగుల మధ్య ఉండే పాఠంలో ఇవన్నీ నిశ్చింతగా వాడుకోండి, ఇబ్బంది పేర్లలోనే.

ఐత్వంతోనూ జాగ్రత్త. <రైతు> లోని ఐత్వం ఒకే కోడ్‌గా ఉండొచ్చు, లేదా ఎత్వం, దాని కింద వచ్చే గుర్తు కలిసి రెండు కోడ్‌లుగా ఉండొచ్చు. యూనికోడ్ రెండూ సమానమే అంటుంది, ఎక్స్‌ఎంఎల్ మాత్రం వాటిని కలపదు. మా సలహా ఏమిటంటే, తెలుగు పేర్లు పెట్టండి గానీ పొల్లుతో ముగిసేవి వద్దు. కోడ్ బదులు 'సంఖ్య', నంబర్ బదులు 'నంబరు' అంటే సగం తలనొప్పి తగ్గుతుంది. ప్రతిసారీ టైపు చేయకుండా ఎడిటర్‌నే మూత వేయనివ్వండి. విజువల్ స్టూడియో కోడ్‌లో ఎక్స్‌ఎంఎల్ ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే, ట్యాగు తెరవగానే అదే పేరుతో మూత కూడా పడుతుంది.

ప్రశ్న: ఏది ఎలిమెంట్‌గా పెట్టాలి, ఏది అట్రిబ్యూట్‌గా పెట్టాలి? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు.
– కర్నూలు పాఠకుడు

జవాబు: సందేహం ఉంటే ఎలిమెంట్. అట్రిబ్యూట్ ఒక ట్యాగులో ఒక్కసారే వస్తుంది, దాని లోపల ఇంకేదీ పెట్టలేం, అందులో కొత్త లైను పెడితే చదివేటప్పుడు స్పేస్‌గా మారిపోతుంది. రేపు ఒక మనిషికి రెండో ఫోన్ నంబరు వస్తే అట్రిబ్యూట్ చాలదు. సమాచారం గురించిన సమాచారాన్ని, అంటే సంఖ్య, కొలమానం, భాష లాంటివాటిని అట్రిబ్యూట్‌గా పెట్టండి. ఇంకో తేడా, ఎలిమెంట్ల వరుసకు అర్థం ఉంటుంది, అట్రిబ్యూట్ల వరుసకు ఉండదు.

ప్రశ్న: ఫైలు వెల్‌ఫార్మ్‌డ్ అని బ్రౌజర్ ఒప్పుకుంది. కానీ మేం పంపాల్సిన ఆఫీసు వాళ్ల స్కీమా ప్రకారం చెల్లదని తిరిగొచ్చింది. రెండింటికీ తేడా ఏమిటి?
– రాజమహేంద్రవరం పాఠకుడు

జవాబు: వెల్‌ఫార్మ్‌డ్ అంటే ఎక్స్‌ఎంఎల్ వ్యాకరణం సరిపోయింది అని. వ్యాలిడ్ అంటే, దానికి తోడు, ఫలానా స్కీమాలో చెప్పిన ట్యాగులు, చెప్పిన వరుసలో, చెప్పిన రకం విలువలతో ఉన్నాయి అని. ఫైలులో ఏ ట్యాగులు ఎలా ఉండాలో చెప్పే నమూనానే స్కీమా. దాన్ని రాయడానికి పాత పద్ధతి డీటీడీ. 2001 మేలో డబ్ల్యూ3సీ ఆమోదించిన ఎక్స్‌ఎస్‌డీలో తేదీ, దశాంశం లాంటి రకాలు కూడా చెప్పొచ్చు. మీకు వచ్చింది ఎక్కువ పాళ్లు అదే అయి ఉంటుంది.

మన దగ్గర ఫైళ్లు తిరిగొచ్చేది దాదాపు ఎప్పుడూ ఒకే రకం కారణాల వల్ల. తేదీ 15-06-2024 అని రాస్తారు, ఎక్స్‌ఎస్‌డీ తేదీ రకానికి 2024-06-15 కావాలి. మొత్తం 1,250 అని కామాతోనో ₹ గుర్తుతోనో రాస్తారు, దశాంశ రకానికి 1250 లేదా 1250.00 మాత్రమే చెల్లుతుంది. ౧౨౫౦ అని తెలుగు అంకెలు వేసినా చెల్లదు. విలువ లేనప్పుడు <తగ్గింపు></తగ్గింపు> అని ఖాళీగా వదిలేస్తారు. ఖాళీ అనేది సంఖ్య కాదు కాబట్టి అది తప్పు. స్కీమా ఆ ట్యాగును ఐచ్ఛికం చేసి ఉంటే ట్యాగునే తీసేయాలి, లేకపోతే 0 వేయాలి.

ఐచ్ఛికమో కాదో తెలిసేది మిన్ అకర్స్, మ్యాక్స్ అకర్స్ అనే రెండు అట్రిబ్యూట్ల వల్ల. స్కీమాలో ఈ రెండూ రాయకపోతే 'ఎన్నిసార్లయినా' అని చాలామంది అనుకుంటారు. కాదు, రెండింటికీ రాయకుండానే ఉండే విలువ 1. అంటే తప్పకుండా ఒకసారి, ఒక్కసారే రావాలి. స్కీమాలో 'సీక్వెన్స్' అనే ట్యాగు లోపల ఉంటే వరుస కూడా తప్పకూడదు. పేరు తర్వాత ధర రావాలని ఉంటే, ధర తర్వాత పేరు రాసిన ఫైలు చెల్లదు.

ప్రశ్న: 150 కంటే ధర ఎక్కువున్న సరుకుల పేర్లు కావాలి. ఎక్స్‌పాత్‌లో //సరుకు[ధర > 150]/పేరు అని రాశాను. నేను రాసుకున్న ఫైలులో పనిచేస్తోంది, కంపెనీ ఇచ్చిన ఫైలులో ఒక్కటీ రావడం లేదు, ఎర్రర్ కూడా లేదు.
– హైదరాబాద్ పాఠకురాలు

జవాబు: ఎక్స్‌పాత్ అంటే ఎక్స్‌ఎంఎల్ ఫైలులోంచి కావాల్సినవి ఏరుకునే భాష. మీరు రాసింది సరైనదే. కంపెనీ ఫైలు రూట్ ట్యాగు చూడండి. అందులో ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్ అనే అట్రిబ్యూట్, దానికి వెబ్ అడ్రస్ లాంటి విలువ ఉండే ఉంటుంది. దాన్ని డిఫాల్ట్ నేమ్‌స్పేస్ అంటారు. నేమ్‌స్పేస్ అంటే ట్యాగుల పేర్లు ఏ గుంపుకు చెందినవో చెప్పే గుర్తు. ఆ ఒక్క మాటతో ఫైలులోని సరుకు, ధర, పేరు అన్నీ ఆ నేమ్‌స్పేస్‌కు చెందినవైపోతాయి. ఎక్స్‌పాత్ 1.0లో ప్రిఫిక్స్ (పేరుకు ముందు కోలన్‌తో పెట్టే పొట్టి గుర్తు) లేకుండా రాసిన పేరుకు అర్థం 'ఏ నేమ్‌స్పేస్‌కూ చెందని ట్యాగు' అని. అలాంటిది ఫైలులో లేదు కాబట్టి సున్నా వచ్చింది. అడిగింది దొరకకపోవడం తప్పు కాదు కనుక ఎర్రర్ రాలేదు. కొత్తవాళ్లను ఎక్కువ రోజులు ఏడిపించేది ఇదేనని మా అభిప్రాయం, పుస్తకాల్లో మాత్రం చివరి అధ్యాయంలో పెడతారు.

మీ ప్రోగ్రాములో ఆ అడ్రస్‌కు ఏదో ఒక ప్రిఫిక్స్ కట్టి, ఇలా అడగండి:

//క:సరుకు[క:ధర > 150]/క:పేరు

ఇక్కడ 'క' మీ ఇష్టం, ఫైలులో ఉండాల్సిన పని లేదు. అడ్రస్ మాత్రం అక్షరం తేడా లేకుండా ఉండాలి, చివర స్లాష్ ఒక్కటి ఎక్కువైనా అది వేరే నేమ్‌స్పేస్ అవుతుంది. చూడ్డానికి వెబ్ అడ్రస్‌లా ఉన్నా దాన్ని ఎవరూ ఇంటర్నెట్‌లో తెరవరు, పోల్చుకోవడానికి మాత్రమే వాడతారు. ప్రిఫిక్స్ లేని అట్రిబ్యూట్లకు డిఫాల్ట్ నేమ్‌స్పేస్ వర్తించదు, కాబట్టి అట్రిబ్యూట్‌ను అడిగే @సంఖ్య లాంటివి ఉంటే అలాగే ఉంచండి.

ప్రశ్న: అందరూ జేసన్ వాడుతున్నారు. ఎక్స్‌ఎంఎల్ నేర్చుకోవడం దండగ కదా?
– తిరుపతి పాఠకుడు

జవాబు: వరుసలూ నిలువు గళ్లూ ఉన్న సమాచారాన్ని ఒక ప్రోగ్రాము నుంచి ఇంకో ప్రోగ్రాముకు పంపడానికే అయితే, ట్యాగులు లేకుండా పేరు, విలువ జంటలుగా రాసే జేసన్ చాలు. ఆదాయపన్ను రిటర్నుల యుటిలిటీ కూడా 2021-22 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఎక్స్‌ఎంఎల్ మానేసి జేసన్‌కు మారింది. కానీ నడిచే వాక్యంలో మాటలకు గుర్తులు పెట్టాలంటే, ఉదాహరణకు

<వాక్యం>నిన్న <ఊరు>తెనాలి</ఊరు> నుంచి <సరుకు>పెసలు</సరుకు> వచ్చాయి.</వాక్యం>

అని రాయాలంటే, జేసన్‌లో అది నరకం. వర్డ్ డాక్యుమెంట్లు, ఎక్సెల్ షీట్లు, ఈపబ్ పుస్తకాలు, ఎస్‌వీజీ బొమ్మలు, కంపెనీల ఎక్స్‌బీఆర్‌ఎల్ ఆర్థిక పత్రాలు, ఇవన్నీ లోపల ఎక్స్‌ఎంఎల్లే. ఒక వర్డ్ (డీఓసీఎక్స్) ఫైలును కాపీ చేసి, ఎక్స్‌టెన్షన్ జిప్‌గా మార్చి తెరవండి, కనిపిస్తుంది.

ప్రశ్న: తెలుగు వికీపీడియా మొత్తాన్ని డంప్‌గా దింపుకున్నాను. పైథాన్‌తో తెరిస్తే ల్యాప్‌టాప్ బిగుసుకుపోతోంది.
– బెంగళూరు పాఠకుడు

జవాబు: మొత్తం ఫైలును ఒకేసారి చెట్టుగా మెమరీలోకి ఎక్కిస్తున్నారు. ఆ చెట్టు ఫైలు సైజుకు ఎన్నో రెట్లు మెమరీ తింటుంది, పైగా మీరు దింపుకున్నది బీజడ్2తో కుదించినది, విప్పితే చాలా పెద్దదవుతుంది. పైథాన్‌లోని ఎలిమెంట్‌ట్రీ లైబ్రరీలో, ఫైలును ముక్కలుగా చదివే ఐటర్‌పార్స్ వాడండి. ఒక్కో పేజీ ముగింపు ట్యాగు రాగానే కావాల్సింది తీసుకుని, ఆ ఎలిమెంట్‌ను క్లియర్ చేయండి. అయినా మెమరీ పెరుగుతూనే ఉంటే ఖాళీ చేసిన పేజీల గుల్లలు రూట్‌కు అతుక్కుని ఉన్నాయన్నమాట, రూట్‌ను కూడా ఎప్పటికప్పుడు క్లియర్ చేయండి. కుదించిన ఫైలును ముందుగా విప్పక్కర్లేదు, పైథాన్‌లోని బీజడ్2 మాడ్యూల్‌తో నేరుగా చదవొచ్చు. ఈ డంపుకు కూడా డిఫాల్ట్ నేమ్‌స్పేస్ ఉంది, పై జవాబు మీకూ వర్తిస్తుంది.

ప్రశ్న: మా వెబ్‌సైట్‌లో కస్టమర్లు ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు అప్‌లోడ్ చేస్తారు. ఇది టెక్స్టే కదా, వైరస్ భయం లేదనుకోవచ్చా?
– విశాఖపట్నం పాఠకుడు

జవాబు: అనుకోవద్దు. డీటీడీలో ఎంటిటీలు అనే పొట్టి పేర్లు సృష్టించుకోవచ్చు, ఒకదాంట్లో ఇంకోదాన్ని పదిసార్లు పెట్టొచ్చు. అలా తొమ్మిది మెట్లు వేస్తే చిన్న ఫైలు విప్పేసరికి వంద కోట్ల ముక్కలవుతుంది, సర్వర్ కూలబడుతుంది. దీన్ని బిలియన్ లాఫ్స్ అంటారు. ఇంకో రకం ఎంటిటీ సర్వర్‌లో ఉన్న ఫైలును చదివి జవాబులో పెట్టేయగలదు. మీ పార్సర్ సెట్టింగుల్లో డీటీడీని, బయటి ఎంటిటీలను ఆపేయండి. కస్టమర్ల ఫైళ్లకు డీటీడీ అవసరం ఉండదు.

ప్రశ్న: ఆధార్ ఆఫ్‌లైన్ ఈ-కేవైసీ ఫైలు తెరిస్తే అంతా ఒకే లైనులో ఉంది. చదవడానికి వీలుగా ఎడిటర్‌లో లైన్లు విడగొట్టి సేవ్ చేశాను. ఒక్క అక్షరం మార్చలేదు, అయినా వెరిఫికేషన్ ఫెయిల్ అంటోంది.
– మీ సేవ కేంద్రం, నిజామాబాద్

జవాబు: లైన్లు విడగొట్టడమే మార్పు. ఆ ఫైలుకు ఆధార్ సంస్థ యూఐడీఏఐ డిజిటల్ సంతకం ఉంటుంది. సంతకం చేసేటప్పుడు ఫైలులోని ప్రతి అక్షరాన్నీ, ట్యాగుల మధ్య ఖాళీలతో సహా, లెక్కలోకి తీసుకుంటారు. అట్రిబ్యూట్ల వరుస మారడం లాంటి కొన్ని తేడాలను సంతకం పద్ధతి ముందే సర్దుకుంటుంది గానీ, ట్యాగుల మధ్య కొత్తగా చేరిన స్పేసులను, లైన్లను సర్దదు. అన్‌డూ చేసి మళ్లీ సేవ్ చేయడం లాంటివి వద్దు. అసలు జిప్ ఫైలును నాలుగక్షరాల షేర్ కోడ్‌తో మళ్లీ తెరిచి, అందులోది తాకకుండా ఇవ్వండి. చదువుకోవడానికి కావాలంటే వేరే కాపీ చేసుకోండి, లేదా బ్రౌజర్‌లో తెరవండి. అది తెరపై లైన్లు విడగొట్టి చూపిస్తుంది, ఫైలును మాత్రం ముట్టుకోదు.